చేపల వాటీ కట్టిన కిల్టు

పోర్ట్‌కెల్లన్ రేవు నుంచి చుట్టుపక్కల ఊళ్ళకు చేపల బండి నడిపే వాటీ కౌవీకి యాభై ఏడో ఏట కిల్టు కట్టుకోవాలన్న కోరిక పుట్టింది. నడుము నుంచి మోకాళ్ళ దాకా కుచ్చిళ్ళతో చుట్టే ఆ గళ్ళబట్టను అక్కడి మగవాళ్ళు పెళ్ళికో, చావుకో, కొత్త సంవత్సరం విందుకో కడితే ఎవరూ ఏమీ అనుకోరు. అతను కట్టుకోవాలనుకున్నది ఊరికే, మంగళవారం నాడు, హాడక్ చేపలు కోస్తూ. ఆ వయసులో మగవాడికి పుట్టే వెర్రి కోరికల్లో ఎవరికీ హాని లేనిది ఇదొక్కటేననీ, అలాంటిదాంతో కూడా మూడు ఊళ్ళలో నవ్వులపాలైన ఘనత తనకే దక్కిందనీ వాటీ ఇప్పటికీ పబ్బులో చెప్పుకుంటాడు.

ఆ కోరిక పుట్టించినవాడి పేరు కూడా అతనికి తెలియదు. ఆగస్టులో పశువుల ప్రదర్శనకు వెళ్ళినప్పుడు ఒకతను ఆవుల మధ్య తిరుగుతూ కనిపించాడు. పైన పాత టీషర్టు, కింద మట్టి కొట్టుకున్న బూట్లు, రెంటికీ మధ్య కిల్టు. నడుముకు తోలుసంచీ లేదు, వెండి గుండీల కోటు లేదు. చేతిలో చిప్స్ పొట్లం పట్టుకుని, తింటూ, ఒక ఎద్దును పరకాయించి చూస్తున్నాడు. నడిచినప్పుడల్లా వెనక కుచ్చిళ్ళు అటూ ఇటూ ఊగుతున్నాయి. తన ఒంటిమీద ఏముందో అతనికి పట్టనే లేదు. వాటీ తన ప్యాంటు వంక చూసుకున్నాడు. మోకాళ్ళ దగ్గర ఉబ్బి, బెల్టు కింద నలిగి, మనసులో తనెలా ఉన్నాడో బయట అదీ అలాగే ఉంది.

అతని భార్య రోనా కిల్టులు కుడుతుంది. ఆ తీరం పొడుగునా పేరున్న చెయ్యి ఆమెది. ఎనిమిది గజాల ఉన్ని బట్టను గళ్ళు ఒక్క నూలుపోగు కూడా తప్పకుండా కుచ్చిళ్ళు పెట్టి, మొత్తం చేత్తోనే కుడుతుంది. వీధి వైపు ముందు గది ఆమె పని గది. పెళ్ళికొడుకులూ, వాళ్ళ తండ్రులూ, బాజాలు వాయించేవాళ్ళూ ఆ గదిలోకి వచ్చి కొలతలిచ్చి వెళ్తుంటారు. ఇలాంటి మనిషిని చేసుకుంటూ వాటీ తన పెళ్ళికి అద్దె కిల్టు కట్టాడు. ఆ తరవాతి ముప్పై ఒక్క ఏళ్ళలో సొంతానికంటూ ఒక్కటి కూడా లేదు. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. వాటీ అయితే ఆ చెట్టు వంక చూడడం కూడా మానేశాడు.

ప్రదర్శన నుంచి వచ్చిన సాయంత్రమే అతను ముందు గది గుమ్మంలో నిలబడి, ఉత్తప్పుడు కూడా కిల్టు కట్టుకుంటే తనకెలా ఉంటుందని అడిగాడు. రోనా పెదాల మధ్య ఉన్న గుండుసూదుల్ని ఒక్కొక్కటే తీసి, సూదులు గుచ్చే చిన్న దిండుకు గుచ్చింది.

"అటు తిరుగు," అంది.

వాటీ తిరిగాడు. రోనా కళ్ళజోడు సర్దుకుని కాసేపు చూసింది.

"నప్పదు."

"ఎందుకని?"

"కిల్టు నిలబడేది పిర్రల మీద. నీకు అవి లేవు. వీపు దగ్గర్నుంచి మడమల దాకా తలుపు చెక్కలా ఉంటావు. ముందు చూస్తేనేమో పొట్ట. కుచ్చిళ్ళు ఊగాలి వాటీ. నీకైతే వేలాడతాయి."

కోపంతోనో, వెక్కిరింపుగానో అని ఉంటే అతను తట్టుకునేవాడే. ఆమె డాక్టరు ఎక్స్‌రే చూసి చెప్పినట్టు చెప్పి, మళ్ళీ సూదులు పెదాల మధ్య పెట్టుకుంది. ఇన్నేళ్ళ కాపురంలో తనకు ఒక అవయవం లోపించిందన్న సంగతి వాటీకి అప్పుడే తెలిసింది. మేడమీద స్నానాల గదిలో తొట్టి అంచు మీదికెక్కి, అద్దంలో వెనక వైపు చూసుకోబోయి జారి, మోచెయ్యి కొట్టుకున్నాడు. చూసినంతలో ఆమె అన్నది అబద్ధమేమీ కాదని తేలింది.

అక్కడితో ఊరుకుంటే ఈ కథ లేదు. వారం తిరక్కుండా వాటీ ఫోన్‌లో వెతికి ఒక కిల్టు తెప్పించుకున్నాడు. ఎలాంటి ఒంటికైనా అద్దినట్టుంటుందని దానికింద రాసి ఉంది. ముప్పై ఒక్క ఏళ్ళుగా తన ఒళ్ళు చూస్తున్న మనిషి మాట కాదని, తనను ఒక్కసారీ చూడని వాడెవడో రాసిన మాట నమ్మాడు. పొట్లం ఇంటికి రాకుండా రేవులో ఐసు షెడ్డుకు వచ్చేలా చేసుకున్నాడు. ఆకుపచ్చ మీద నారింజ గళ్ళు. ఏ వంశానికీ, ఏ పల్టనుకూ చెందని గళ్ళవి. బట్ట పాలియెస్టర్. నడుము దగ్గర తోలు పట్టీల బదులు పర్రుమని ఊడొచ్చే అతుకుడు పట్టీ. రెండు పక్కలా జేబులు కూడా ఉన్నాయి, వాటీకి అవే మరీ నచ్చాయి.

కట్టుకుని ఇంటికొచ్చాడు. రోనా దగ్గరికొచ్చి కింది అంచును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని నలిపింది. చేప తాజాదో కాదో చూడడానికి వాటీ మొప్పలు నొక్కి చూసేదీ అలాగే.

"ఇది బట్ట కాదు వాటీ, గొడుగు," అంది.

ఆ తరవాత రెండు షరతులు పెట్టింది. కాళ్ళు నీవి, ఇష్టం నీది, కట్టుకో. కానీ తన దగ్గరికి మనుషులొచ్చే వేళల్లో ముందు గది కిటికీ ముందు నుంచి మాత్రం నడవకూడదు. రెండోది, తినే సరుకు అమ్మే బండి కాబట్టి, కిల్టు లోపల ఏమీ వేసుకోకూడదన్న పాత మగతనం కబుర్లు అక్కడ చెల్లవు. లాగు లేకుండా బండెక్కితే తనిఖీ వాళ్ళకు ఫోన్ చేసేది తనే. వాటీ రెంటికీ ఒప్పుకున్నాడు. ఆ రోజు నుంచి రోజూ పొద్దున్నే వెనక సందులోంచి, పక్కింటివాళ్ళ కోళ్ళ మధ్య నుంచి, దొంగలా రేవుకు వెళ్ళేవాడు. కోళ్ళు కూడా మొదటి వారమంతా అతన్ని చూసి గోడెక్కాయి.

కిల్టు సుఖం ఎలాంటిదో చెప్పమని రేవులో వాళ్ళు అడిగితే, గాలి ఆడుతుంది, స్వేచ్ఛగా ఉంటుంది అనేవాడు. నిజం వేరు. సెప్టెంబరులో సన్నదోమలు మోకాళ్ళ వెనక చేరి కుట్టేవి. రెండు చేతులకూ చేపల జిగురు ఉండడంతో గోక్కునే దారి ఉండేది కాదు. చేప పొలుసులు కాలి వెంట్రుకలకు అంటుకుని ఎండలో మెరిసేవి. బండి సీటు పొద్దున్నే ఐసు ముక్కలా ఉండేది. సముద్రం మీది గాలి లేస్తే ఒక చేత్తో కత్తి, రెండో చేత్తో కిల్టు అంచూ పట్టుకుని, ఇంకో చెయ్యి లేక చేపను గడ్డంతో అదిమిపట్టేవాడు. ఇన్ని బాధలు పడుతూ మళ్ళీ ప్యాంటు ఎందుకు తొడుక్కోలేదంటే, ఆ చెక్కలాంటి వీపు మాట అతనికింకా గుచ్చుకుంటూనే ఉంది. నప్పుతుందని ఎవరో ఒకరు అనేదాకా విప్పకూడదనుకున్నాడు. ఎవరూ అనలేదు. నవంబరు వచ్చింది.

ఆ గురువారం మొదటి ఊళ్ళో జనం పలచగా ఉన్నారు. వాటీ బండిలో చిన్న గ్యాసు పొయ్యి వెలిగించి, టీకి నీళ్ళు పెట్టి, దానికి వీపు చేసి నిలబడి బిస్కెట్లు తిన్నాడు. వెనకవైపు హాయిగా వెచ్చబడింది. ఎవరెంత తక్కువగా చూసినా ఈ కిల్టు చలిని బాగానే ఆపుతుందని మురిసిపోయాడు. ఏదో కమురు వాసన వచ్చింది. బండి ఇంజను బెల్టు అరుగుతున్నట్టుందని, ఇంటికెళ్ళాక చూద్దామనుకున్నాడు. టీ తాగి రెండో ఊరికి బయల్దేరాడు. దారిలో వెనక కొంచెం చల్లగా అనిపించింది. గాలి ఆడుతుందని తను రోజూ అందరికీ చెప్పేది ఇదేనేమో అనుకున్నాడు.

రెండో ఊళ్ళో బండి పక్క తలుపెత్తగానే అయిదారుగురు ఆడవాళ్ళు చేరారు. వాళ్ళలో ఎనభై దాటిన జెస్ మామ్మ ఉంది. వారానికొక్క చేప, అదీ ఎదురుగా ఉన్నది, ఎంచకుండా కొనుక్కెళ్ళే మనిషి. ఆ రోజు మాత్రం వెనక పెట్టెలోది చూపించమంది. వాటీ వెనక్కి తిరిగి తీసి చూపించాడు. అది వద్దు, దాని కింది పెట్టెలోది అంది. వంగి తీశాడు. అదీ కాదు, అన్నిటికంటే అడుగున ఉన్నది అంది. పూర్తిగా వంగి తీశాడు. వెనకాల ఎవరికో పొలమారింది.

"చలి బాగా ముదిరినట్టుంది వాటీ," అంది జెస్ మామ్మ తాపీగా. "అంటార్కిటికా నుంచి చుట్టాలు దిగారా?"

"లేదు మామ్మా, అన్నీ మన సముద్రంలోవే. పొద్దున పడవ దిగినవి," అన్నాడు వాటీ.

ఆ మాటకు అంతగా నవ్వాల్సిందేముందో అతనికి అర్థం కాలేదు. కొన్నవాళ్ళు వెళ్ళి పక్కింటివాళ్ళను పిలుచుకొచ్చారు. వచ్చినవాళ్ళు కూడా అడుగు పెట్టెలో చేపలే అడిగారు. ఎప్పుడూ చేపల వాసన పడదనే పోస్టాఫీసు ఆవిడ కూడా వచ్చి రెండు పొగబెట్టిన చేపలు కొన్నది. పన్నెండేళ్ళలో ఆ ఊళ్ళో అలాంటి బేరం చూడలేదు వాటీ. ఆడవాళ్ళ చూపు తన మీద నిలవడం అతనికి తెలుస్తూనే ఉంది. నప్పిందన్నమాట, అనుకున్నాడు. చివరికి నప్పింది.

గుంపు పలచబడ్డాక మిసెస్ పిరీ వచ్చింది. ఊరి చివర గొర్రెల ఫారం వాళ్ళావిడ. వసంతంలో ఆమె పెద్దకొడుకు పెళ్ళి. పెళ్ళికొడుక్కీ, అతని తండ్రికీ, ఇద్దరు తమ్ముళ్ళకీ కలిపి నాలుగు కిల్టులు రోనా దగ్గర పురమాయించింది. ఆమె నవ్వలేదు. వాటీ వెనక్కి తిరిగి చేప తూచేదాకా ఆగి, మొహం అదోలా పెట్టి, ఇది రోనా కుట్టినదేనా అని అడిగింది.

వాటీ నోరు తెరిచాడు. కిల్టులు కుట్టే మనిషి మొగుడు ఫోన్‌లో గొడుగుబట్ట కొనుక్కున్నాడని చెప్పాలి. ఆ రోజు, ఆ బేరం తరవాత, ఆ మాట నోట రాలేదు.

"ఇంకెవరు కుడతారండీ నాకు?" అన్నాడు.

మిసెస్ పిరీ సరేనని తలూపి, చేప తీసుకుని వెళ్ళిపోయింది. మూడో ఊళ్ళో కూడా బేరం అలాగే సాగింది. మధ్యాహ్నం మూడింటికల్లా బండి ఖాళీ. వాటీ ఈలేసుకుంటూ ఇంటికొచ్చి, ముందు గదిలో ఎవరూ లేరని చూసి, లోపలికెళ్ళి గది మధ్యలో నడుం మీద చేతులేసుకుని నిలబడ్డాడు. ఇవాళ ఒక్క చేప కూడా మిగల్లేదనీ, అదంతా కిల్టు మహిమనీ, మనిషికి ఏది నప్పుతుందో ఇంట్లోవాళ్ళకంటే బయటివాళ్ళకే తెలుస్తుందనీ రోనాకు చెప్పాడు. రోనా అంతా వింది.

"అటు తిరుగు," అంది.

తిరిగాడు. వెనక నుంచి కెటిల్ మరగబోయే ముందు వచ్చేలాంటి సన్నని చప్పుడు వచ్చింది. తిరిగి చూస్తే రోనా కుర్చీలోంచి జారి నేలమీద కూర్చుని, తను కుడుతున్న బట్టలో మొహం దాచుకుని ఊగిపోతోంది. ఆమె మాట్లాడలేక వేలితో చూపిస్తే, వాటీ చెయ్యి వెనక్కి పెట్టి తడుముకున్నాడు. కుచ్చిళ్ళ మధ్య సాసరంత కంత. అంచులు కరిగి గట్టిపడి ఉన్నాయి. ఆ కంతలోంచి చేతికి తగిలింది నూలు లాగు. కిందటి క్రిస్మస్‌కు కూతురు కొనిచ్చిన లాగు అది, ఎర్ర టోపీలు పెట్టుకున్న పెంగ్విన్ బొమ్మలది.

"ఎన్ని ఊళ్ళు?" అంది రోనా ఊపిరి అందుకుని.

"రెండు. మొదటి ఊళ్ళో కాలినట్టుంది. కాలాక అక్కడ కూడా చివర్న ఒకావిడ వచ్చింది. మూడు వేసుకో."

"మూడు ఊళ్ళలోనూ అడుగు పెట్టెలోవే అడిగారా?"

వాటీ జెస్ మామ్మను తలుచుకున్నాడు. అంటార్కిటికాను తలుచుకున్నాడు. పోస్టాఫీసు ఆవిడను తలుచుకుని కళ్ళు మూసుకున్నాడు. ఉన్ని అయితే అలా కరగదని చెప్పబోయి రోనా మళ్ళీ నవ్వులో పడింది. కొంతసేపటికి అతనూ పక్కన నేలమీద కూర్చుని నవ్వాడు. పాతికేళ్ళ తరవాత అనుకుంటా, అంతగా ఇద్దరూ కలిసి నవ్వడం.

మర్నాడు పొద్దున ఫోన్ మోగింది. రోనా మాట్లాడి వచ్చి వంటింట్లో నిలబడింది. మిసెస్ పిరీ చేసిందట. నాలుగు కిల్టుల సంగతి ఇంకోసారి ఆలోచించుకుంటామంది. కారణం సరిగ్గా చెప్పలేదు. ఇప్పటి బట్ట, ఇప్పటి కుట్టు మునుపటిలా ఉండవంటున్నారు అని మాత్రం అందట.

"నా కుట్టు ఆవిడ ఎక్కడ చూసింది వాటీ?" అంది రోనా.

అతను చెప్పాడు. చెబుతున్నంతసేపూ బల్ల మీది వెన్న గిన్నెనే చూశాడు. రోనా అరవలేదు.

"నువ్వు నవ్వులపాలైతే నేనూ నవ్వాను. దానికేముంది," అంది. "కానీ ఆ కంత మీద నా పేరు కుట్టొచ్చావు."

వాటీ ప్యాంటు తొడుక్కుని, కాలిన కిల్టును చేపల సంచీలో పెట్టుకుని పిరీల ఫారానికి వెళ్ళాడు. ఇంటిల్లిపాదీ వంటింట్లో ఉన్నారు. తండ్రి, ముగ్గురు కొడుకులు, పెళ్ళికూతురు కూడా. ఒంటరిగా మిసెస్ పిరీతో నాలుగు ముక్కలు చెప్పి రావచ్చని దారి పొడుగునా అనుకున్నవాడు, వాళ్ళను చూసి వెనక్కి పోదామా అనుకున్నాడు. పోలేదు. కిల్టు తీసి బల్ల మీద పరిచాడు, కంత పైకి వచ్చేలా.

"ఇది మా ఆవిడ కుట్టలేదండీ. అంచు నలిపి చూసి వదిలేసింది. ఇది గొడుగని మొదటి రోజే చెప్పింది. నేనే కొన్నాను, నేనే కాల్చుకున్నాను, మీరు అడిగితే నేనే అబద్ధం చెప్పాను."

"ఎందుకు చెప్పావ్?" అంది మిసెస్ పిరీ.

"అప్పటికి నేను అందంగా ఉన్నాననుకుంటున్నాను," అన్నాడు వాటీ.

ఒక కొడుకు తల కిందికి దించి భుజాలు ఊపాడు. పెళ్ళికూతురు కిటికీ వైపు తిరిగింది. మిసెస్ పిరీ మాత్రం లేచి బట్ట అంచును వేళ్ళ మధ్య పట్టుకుని చూసింది. నిన్న బండి దగ్గరే చెయ్యి పెట్టి చూసుంటే తెలిసిపోయేదనీ, కాకపోతే అది చెయ్యి పెట్టే చోటు కాదు కదా అనీ అంది. అప్పుడు మిగిలినవాళ్ళు ఇక నవ్వు ఆపుకోలేకపోయారు. అతను నిలబడి ఉండగానే ఆమె రోనాకు ఫోన్ చేసి, కొలతలకు ఎప్పుడు రమ్మంటావని అడిగింది. వాటీకి టీ కూడా ఇచ్చారు. పొయ్యికి దూరంగా కూర్చోమన్నారు.

అతను ఇంటికొచ్చేసరికి రోనా కుడుతూ కూర్చుంది. తల ఎత్తకుండానే అడిగింది.

"కిల్టు కావాలంటే నన్నెందుకు అడగలేదు?"

"అడిగాను కదా. నప్పదన్నావు."

"ఎలా ఉంటుందని అడిగావు, చెప్పాను. కుట్టిపెట్టమని అడగలేదు. ఈ తీరం మీద మగాళ్ళందరి నడుములూ కొలిచాను నేను. ముప్పై ఒక్క ఏళ్ళలో కొలవమని రానిది నువ్వొక్కడివే."

వాటీ దగ్గర దానికి రెండు జవాబులున్నాయి. పగలంతా పరాయివాళ్ళకు కుట్టి అలిసిపోయిన మనిషిని మళ్ళీ తనకూ కుట్టమని ఎలా అడగడమన్నది మంచి జవాబు. అది చెప్పాడు. రోనా కళ్ళజోడు పైనుంచి చూసింది. దాంతో రెండోది కూడా చెప్పాడు. తన నడుం కొలత ఆమెకు తెలియడం ఇష్టం లేకపోయింది.

"నీ ప్యాంట్లు ఉతికేది ఎవరనుకుంటున్నావ్?" అంది రోనా.

గోడ మీది క్యాలెండర్‌లో అందరి వెనకా అతని పేరు రాసింది. ముందు పదకొండు మంది ఉన్నారు, పిరీలతో కలిపి. మొగుడని వరస తప్పించేది లేదంది. వాటీ చలికాలమంతా ప్యాంటులోనే చేపలమ్మాడు. మూడు ఊళ్ళలోనూ అంటార్కిటికా చుట్టాల క్షేమం అడుగుతూనే ఉన్నారు. బాగున్నారని, ఉతికి ఆరేశామని చెప్పేవాడు. అడుగు పెట్టె కోసం అడిగితే ముందుకు మొహం పెట్టి, పక్కకు నడిచి తీసేవాడు. పిరీల పెళ్ళిలో నాలుగు కిల్టులూ నలుగురి మీద ఊగడం చూశాడు. ఎక్కడా ఒక్క గీత తప్పలేదు. ఆ కుచ్చిళ్ళను అంత శ్రద్ధగా అతను అంతకుముందెప్పుడూ చూడలేదు. ఎవరు కుట్టారని పక్కనున్నవాళ్ళు అడిగితే, ఆ రోజు మాత్రం నిజమే చెప్పాడు.

జూన్ రెండో మంగళవారం నాలుగింటికి అతని వంతు వచ్చింది. వీధి గుమ్మంలోంచే రమ్మంది రోనా. మిగతావాళ్ళను నిలబెట్టినట్టే గది మధ్య నిలబెట్టి, టేపు నడుం చుట్టూ వేసింది. వాటీ గుండెల నిండా గాలి పీల్చి, పొట్ట లోపలికి లాక్కుని, కప్పు వైపు చూస్తూ బిగదీసుకుని నిలబడ్డాడు. రోనా కొలత చదవలేదు. టేపు వదలనూ లేదు. మోకాళ్ళ మీద కూర్చుని, కిటికీలోంచి రేవు వైపు చూస్తూ ఊరికే ఉండిపోయింది. వాటీ మొహం ఎర్రబడింది. చెవులు ఎర్రబడ్డాయి. చివరికి తట్టుకోలేక బుస్సున గాలి వదిలేశాడు.

"నలభై నాలుగు," అని చదివి రాసుకుంది రోనా.

గళ్ళు ఆమే ఎంచింది. రాయి రంగులో బూడిద, గోధుమ గీతలు, పొలుసులు అంటుకున్నా కనిపించనివి. కుచ్చిళ్ళను పైన లోపలికి లాగి, కింద వదులు చేసి, లేనివి ఉన్నట్టుగా ఏదో చేసింది. అదెలాగో వాటీకి ఇప్పటికీ తెలియదు. నాలుగు వారాల తరవాత ఒక పొద్దున్న కట్టుకుని చూసుకున్నాడు. బరువుగా, వెచ్చగా ఉంది. నడిస్తే వెనక ఏదో ఊగుతోంది. వేలాడడం మాత్రం కాదు. అతని కొంగ కాళ్ళు కొంగ కాళ్ళుగానే ఉన్నాయి, పొట్ట పొట్టగానే ఉంది. అయినా ఎలా ఉన్నానని అడక్కుండా ఉండలేకపోయాడు.

రోనా అతని చుట్టూ ఒకసారి తిరిగింది. వంగి, అంచు దగ్గర మిగిలిన దారప్పోగును పళ్ళతో కొరికి తీసింది. లేచి, రెండడుగులు వెనక్కి వేసి చూసింది.

"కుట్టు బాగుంది," అంది.

వాటీ ఆ మాట జేబులో పెట్టుకుని బండెక్కాడు. పబ్బులో ఎవరైనా అడిగితే, మా ఆవిడకు నచ్చిందనే చెబుతాడు.